ఎడమవైపు వెనుక సీటు

మా కారు ఒకవైపుకు ఒరుగుతోందని మొదట గమనించింది మావారు. రాజ్‌కిశోర్ నగర్‌లోని మా ఇంటి ముందు బండి ఆపి, మేమింకా దిగకముందే తాను దిగి, కాస్త దూరం జరిగి చూశారు. వెనుక బంపరు ఎడమ కొస కిందికి దిగి ఉంది. ఆయన రైల్వే యార్డులో వ్యాగన్లు పరీక్షిస్తారు. బొగ్గు నింపిన వ్యాగన్ ఒరిగితే అక్కడ ముందుగా చూసేది బొగ్గు ఎటువైపు ఎక్కువ పడిందనే. ఆ అలవాటు కొద్దీ స్ప్రింగుల సంగతి ఆయనకు తట్టలేదు.

"లోడ్ ఒక సైడే పడిపోతంది," అన్నారు.

బండి నడిపేది మావారు, ముందు సీట్లో ఆయన పక్కన అత్తగారు, ఆయన వెనుక మరిది, ఎడమవైపు వెనుక నేను. ఇదీ మేము కూర్చునే తీరు. నేను లావుగా ఉంటాను. ఆయన నా వైపు చూడకుండానే ఆ మాట అన్నారు. మిగతా ఇద్దరూ చూశారు.

"వదినా, నువ్వు మద్దిలోకి జరిగిపో. గాడీ సీదా అయిపోద్ది," అన్నాడు మరిది, ఇక్కడి హిందీ కలిసిన మా ఇంటి తెలుగులో.

"ఊరుకోరా. తిండికాడ అనాల్సిన మాట బండికాడ అంటావేటి?" అన్నారు అత్తగారు నవ్వు ఆపుకుంటూ.

నేనూ నవ్వాను.

బొగ్గు గనిలో బొగ్గు మోసే డంపర్ లారీల మరమ్మతు చూసే ఇంజినీరును నేను. ఒరిగిన బండిని ఖాళీ చేసి, సమతలం మీద నిలిపి కొలవనిదే కారణం గురించి మాట్లాడకూడదని కొత్తగా చేరినవారికి చెప్పేది నేనే. ఆ సీట్లో మరొకరు కూర్చునేవారైతే టేపు తెమ్మని అడిగేదాన్ని. నా శరీరం గురించి కాబట్టి, కొలత లేకుండానే తీర్పును ఒప్పుకున్నాను.

ఆదివారాలు ఊరి చివర లాల్‌ఖదాన్‌లో అత్తగారి అక్కగారింటికి వెళ్లడం మాకు అలవాటు. నేను ఆఫీసు పని వంకతో మానేయసాగాను. తప్పనిసరైన రోజున వాళ్ల కారు వెనకాల ఆటోలో వెళ్లాను. ఆటోలో ఒక్కదాన్నే ఉన్నా, సీటుకు సరిగ్గా నడుమ కూర్చున్నాను.

ఇంతలో లింగియాడీహ్‌లో బంధువుల గృహప్రవేశం వచ్చింది. ఆ ఇంటి వాకిట్లో నిలబడేవారిలో సగంమంది రైల్వే యార్డులోనో ఇంజన్ల షెడ్డులోనో పనిచేసేవారే. వాళ్లు ముందు బండి ఒరగడం చూస్తారు, తర్వాత ఆ వైపు తలుపులోంచి ఎవరు దిగుతారో చూస్తారు. ఆ ఊహ భరించలేక, మావారు డ్యూటీకి వెళ్లినప్పుడు టేపు తీశాను.

మా ఇంటి ముందు నేల కాలువ వైపు వాలుగా ఉంటుంది. అందుకని వీధి చివర కొత్తగా కడుతున్న ఇంటి సిమెంటు గచ్చు మీదికి బండిని తీసుకెళ్లి, నేలను రసమట్టంతో సరిచూశాను. నాలుగు టైర్లలోనూ గాలి సరిగానే ఉంది. ప్రతి చక్రం నడిమి నుంచి పైనున్న రేకు అంచు దాకా కొలిచాను. ముందువి రెండూ దాదాపు సమానం. వెనుక కుడివైపు కంటే ఎడమవైపు ముప్పై ఒక్క మిల్లీమీటర్లు తక్కువ. బండిలో ఎవరూ లేరు.

జాకీ వేసి, చక్రం ఊడదీసి, టార్చి వెలుగులో చూశాను. స్ప్రింగు చిట్టచివరి చుట్టు విరిగి, ముక్క స్ప్రింగును ఆనించే కింది గిన్నెలో పడి ఉంది. విరిగిన చోట తుప్పు దట్టంగా పేరుకుంది. అది నిన్న మొన్న విరిగింది కాదు.

మనసు తేలికపడాల్సింది. కానీ నేను నిర్దోషినని చెప్పుకోవడానికి మిల్లీమీటర్లలో సాక్ష్యం పోగుచేసుకుంటూ గచ్చు మీద చతికిలబడి ఉన్నానని తోచి, అంతకుముందు కంటే ఎక్కువ సిగ్గేసింది.

సాయంత్రం మావారికి ఫోనులో ఫోటో చూపించాను.

"అచ్ఛా, స్ప్రింగా!" అన్నారు. ఫోటోను పెద్దది చేసి చూశారు. "ఎప్పుడో ఇరిగిపోనాది. మరి ముందే చెప్పలేదేటి? ఇది నీ పనే కదా."

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపేమీ లేదు.

వెనుక స్ప్రింగులు రెండూ మార్పించాం. గృహప్రవేశం రోజు పొద్దున బండి సమంగా నిలబడి ఉంది. మరిది చుట్టూ తిరిగి చూసి నా వైపు తలుపు తెరిచాడు.

"సీదా అయిపోనాది. ఎక్కు వదినా, ఇప్పుడు అసలు టెస్టింగ్."

ముగ్గురూ చక్రం వైపే చూస్తున్నారు. నేను ఎక్కి, అరచేతులు రెండూ సీటుకు ఆనించి, ఒంటిని కొంచెం పైకి ఎత్తిపట్టి కూర్చున్నాను. దానివల్ల స్ప్రింగు మీద భారం గ్రాము కూడా తగ్గదని నాకు తెలుసు. లింగియాడీహ్ వచ్చేదాకా చేతులు తీయలేదు.