ఎంగిలి ముడి

నా చిన్నప్పుడు నాకు అసహ్యం వేయనిదంటూ ఈ లోకంలో ఏదీ ఉండేది కాదు. పాల మీద మీగడ కనిపిస్తే పాలే వద్దనేదాన్ని. ఇంకొకరు తాగిన గ్లాసు తోమి ఇచ్చినా ముట్టుకునేదాన్ని కాదు. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లో మేముండే పాత బిల్డింగు మెట్ల మీద మూడు అంతస్తుల కూరల వాసనలూ కలిసి ఉండేవి. నేను ముక్కు మూసుకునే ఎక్కేదాన్ని, ముక్కు మూసుకునే దిగేదాన్ని. ఇక ఎంగిలి అన్న మాట చెవిన పడితేనే ఒళ్లు జలదరించేది. ఇంట్లో నన్ను మహారాణీ అని పిలిచేవాళ్లు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు మళ్లీ నెల తప్పింది. ఆ వేవిళ్లు మామూలు వేవిళ్లు కావు. మంచినీళ్లు తాగినా నిలిచేవి కావు. మంచం పక్కన ఎప్పుడూ ఒక నీలం ప్లాస్టిక్ బేసిను ఉండేది. నాన్న తెల్లవారగానే సబ్హాన్‌లో గోడౌను పనికి వెళ్లిపోతే, ఆ బేసిను ఖాళీ చేసి కడిగేది పక్కింటి చాచీ. నేను గుమ్మం దగ్గరే నిలబడి, గౌను అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏమైనా కావాలా అని అక్కణ్ణుంచే అడిగేదాన్ని. "నువ్వు రాకమ్మా, కంపు కొడతంది" అని అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. రావద్దంది కదా అని హాయిగా వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ బేసిను మీద కంటే నా మీదే నాకు ఎక్కువ రోత.

ఇలా అయితే మనిషి దక్కదని నాన్న అమ్మను ఊరికి పంపించే మాట ఎత్తాడు, టికెట్టు కూడా తీశాడు. నాకు బడి ఉంది కాబట్టి నేను నాన్న దగ్గరే ఉండాలట. నాన్నకు వంట రాదు, జడ వేయడం అసలే రాదు. అదంతా అలా ఉంచితే, బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అమ్మ ఉండదన్న ఊహకే నాకు గుండె జారిపోయింది. ఆ వారంలోనే అమ్మ నోరు తెరిచి ఒకే ఒక్కటి అడిగింది. మామిడికాయ వేసిన జెల్లల పులుసు. కోనసీమలో పుట్టిన మనిషి మరి.

కానీ ఇక్కడివాళ్లు జెల్లలు తినరు. మీసాలూ, ఒంటినిండా జిగురూ, గుచ్చుకుంటే విషమెక్కే ముల్లూ ఉన్న ఆ చేప గాలానికి పడితే ఛీ అని రాళ్ల మీదికి విసిరేసి పోతారు. నాన్న చేపల మార్కెట్లో రెండుసార్లు అడిగి నవ్వులపాలై తిరిగొచ్చాడు. అప్పుడు పక్కింటి చాచా తాను పట్టుకొస్తానన్నాడు. ఆయనది రాయచోటి, పని దర్జీ. శుక్రవారం సెలవు పూట సముద్రం ఒడ్డున గాలం వేయడం ఒక్కటే ఆయన సరదా. సాయానికి నన్ను పంపమని అడిగాడు. చేపల పనికి సాయం, నేను! ఏడుపొక్కటే తక్కువ.

నమాజు అయ్యాక వెళ్లి రాళ్ల మీద కూర్చున్నాం. పక్కనే ఎవరో పారేసిన జెల్లలు ఎండకు ఉబ్బి, ఈగలు ముసిరి ఉన్నాయి. ఎరకు తెచ్చిన రొయ్యలు నిన్నటివి. థూ, ఇది రాస్తుంటే ఇప్పటికీ ముక్కుకు తగులుతోంది.

చాచా గాలానికి నీళ్ల మీద తేలే బెండు ఒకచోట కట్టి ఉండేది కాదు. నైలాను తీగ దాని చిల్లులోంచి జారుతూ ఉంటుంది. జెల్ల అడుగున తిరిగే చేప కాబట్టి ఎర లోతుకు దిగాలి, కానీ రాళ్లలో ఇరుక్కోకుండా జానెడు పైనే ఆగాలి. అందుకని లోతు కొలిచి, తీగ మీద కుట్టుదారంతో చిన్న ముడి వేసి, దాని కింద ఒక పూస ఎక్కించేవాడు. తీగ జారి జారి ఆ ముడి రాగానే బెండు పూసకు తట్టి ఆగుతుంది. ఆటుపోట్లకు లోతు మారుతుంది గనక వేలితో తోస్తే ముడి జరగాలి, తనంతట తాను మాత్రం జరగకూడదు. దారాన్ని ఉంగరంలా పెట్టి, తీగతో కలిపి అయిదు చుట్లు తిప్పి, రెండు కొసలూ లాగాలి. లాగేముందు ఉమ్మితో తడపాలి.

అక్కడే వచ్చింది తంటా. "నాకు కండ్లు సరిగా ఆనవు పాపా, ముడి నువ్వే ఎయ్యాల" అన్నాడు. ఆయన రొయ్యల చేత్తో పట్టుకున్న దారాన్ని నేను నోట్లో పెట్టుకోవాలా? కాళ్ల కింద ఇంత సముద్రం ఉంది, ఆ నీళ్లతో తడుపుతానన్నాను.

"ఉప్పునీళ్లు దారాన్ని తినేస్తాయి మా. ఎవురేసిన ముడికి వాళ్ల ఉమ్మే పడాల. లేకుంటే నిలబడదు" అన్నాడు చాలా గంభీరంగా.

నేను అటు తిరిగి థూ అని చప్పుడు మాత్రం చేసి పొడి దారాన్నే లాగేశాను. ముడి సరిగ్గా బిగియలేదు. ఎర వేయగానే అది జారిపోయింది, ఎర తిన్నగా రాళ్లలోకి పోయి ఇరుక్కుంది. చాచా లాగితే తీగ పుటుక్కున తెగి, కొక్కెమూ, బరువుకు కట్టిన సీసం గుండూ అక్కడే ఉండిపోయాయి. ఇంక మిగిలింది ఒక్కటే కొక్కెం. ఆయన దాన్ని తీశాడు. కొక్కెం కడుతూ, "టికెట్టు సోమవారమంట గదా" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

దారం నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు, నీచు, ఎవరి చేతి చెమటో. కళ్లు గట్టిగా మూసుకున్నాను. బాగా తడిపి లాగాను. ముడి గింజలా బిగిసింది. పొద్దు వాలేలోగా రెండు జెల్లలు పడ్డాయి. చాచా పట్టకారుతో ముళ్లు విరిచి, జిగురు కారుతున్న వాటిని నా చేతికే ఇచ్చాడు.

అమ్మ మంచం మీంచి చెబుతుంటే చాచీ పులుసు పెట్టింది. అమ్మ మూడు ముద్దలు తింది. నాలుగోదానికి మొహం మారిపోయింది. చెయ్యి ఊపుతూ "రాకమ్మా" అంటూనే ఉంది, నేను పరుగెత్తి బేసిను తీసి ఆమె గడ్డం కింద పెట్టాను. చూడకూడదనుకుంటూనే చూశాను. మరుక్షణం నేనూ అదే బేసినులో భళ్లున కక్కాను. అమ్మ నోరు తుడుచుకుని నన్ను తేరిపార చూసి, "వేవిళ్లు నీకా నాకా?" అని నవ్వింది. నెల రోజులైంది ఆ నవ్వు విని. ఒక గంటాగి మళ్లీ పులుసన్నం అడిగింది. అది కడుపులో నిలిచింది. సోమవారం అమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. ఆ రోజు నుంచి బేసిను నాదే అయింది. అప్పుడు పుట్టిన మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ చేపల వాసనొస్తే ఇంట్లోంచి పారిపోతాడు.

ఏ నీళ్లతో తడిపినా ఆ ముడి బిగుస్తుందని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. రోజంతా సూదిలోకి దారం ఎక్కించే మనిషికి కళ్లు ఆనకపోవడమేమిటన్న ఆలోచనా అప్పుడే వచ్చింది. నిలదీద్దామంటే అప్పటికి చాచా రాయచోటికి వెళ్లిపోయాడు.

నేను ఇదే ఊళ్లో నర్సునయ్యాను. ఈ వయసులోనూ ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకుంటున్నాను. వాళ్లమ్మాయి నాకు అసహ్యమన్నదే లేదని అందరితో చెబుతుంది. పచ్చి అబద్ధం. ఆవిడ గదిలోకి అడుగు పెట్టగానే నా నాలుక మీద ఆ దారం రుచి తగులుతుంది. ఛీ అనుకుంటాను. అనుకుని, బేసిను అందుకుంటాను.