సగం టికెట్టు కుర్చీ

కుర్చీ బావ ఎక్కడికి వెళ్ళినా తన కుర్చీ తనే మోసుకెళ్ళేవాడు. పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, కూరగాయల మార్కెట్టుకు వెళ్ళినా అది భుజాన వేలాడుతూ ఉండాల్సిందే. మడతపెట్టే చిన్న చెక్క కుర్చీ. పచ్చగుడ్డ బిగించి, మోయడానికి పాత బెల్టు తగిలించాడు.

కారణం అందరికీ తెలుసు. అతను బట్టల షాపులో సేల్స్‌మన్. అక్కడ అమ్మేవాళ్ళు కూర్చోకూడదని రూలు. ఒకసారి జ్వరంతో గుడ్డల తానుల వెనక స్టూలు మీద కూలబడితే, యజమాని వచ్చి అందరి ముందూ కింద నుంచి స్టూలు లాగేశాడు. తానులతో సహా బావ నేలమీద పడ్డాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఫ్రీగా దొరికిన వినోదం కదా అని నవ్వారు.

"ఇక మీదట ఒకడి స్టూలు నాకొద్దు. నా సీటు నాతోనే ఉంటుంది," అని బావ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

ఎవరికీ అర్థం కానిది ఒక్కటే. అంత పంతం ఉన్నవాడు తనకు సరిపోయే కుర్చీ చేయించుకోవచ్చు కదా. బావ నిచ్చెనంత పొడుగు. అందులో కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. దూరం నుంచి చూస్తే ఎవరో సగం మూసిన గొడుగు మరిచిపోయి వెళ్ళినట్టుండేది.

ఆ కుర్చీ అంటే బావమరిదికి ఒళ్ళుమంట. అసలు అతనికి చాలా వాటి మీద ఒళ్ళుమంట. ఎడారి అంచున పెట్రోలు బంకులో పని. బండ్లు రానప్పుడు పాత పుస్తకాలు చదివేవాడు, వచ్చినప్పుడు వాటిలో కూర్చున్నవాళ్ళను మనసులో తిట్టుకునేవాడు. ఎక్కడెక్కడివాళ్ళో కెమెరాలు మెళ్ళో వేసుకుని ఆ ఇసుక చూడటానికి వచ్చేవాళ్ళు. గంట ప్రయాణం దూరంలో ఉన్న సొంత అక్క మాత్రం చూడలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

"పెద్ద దిబ్బ మీంచి చూస్తే పొద్దుగూకడం నిజంగా అంత బాగుంటుందట్రా?"

"వచ్చి చూడవే."

"మీ బావకు సెలవు దొరకాలిగా."

చివరికి షాపుకు రంగులు వేస్తున్నారని ఒక రాత్రి, ఒక పగలు దొరికాయి. పడక బావమరిది గదిలో, తిండి ఇంటి నుంచి డబ్బాలో, వాహనం మామూలు బస్సు. పెళ్ళయ్యాక ఆలుమగలిద్దరూ చేస్తున్న మొదటి విహారయాత్ర అది.

బస్సు బంకు ముందు ఆగింది కానీ ఎవరూ దిగలేదు. లోపల పంచాయితీ నడుస్తోంది.

"దానికి లగేజీ టికెట్టు కొట్టాలి," అంటున్నాడు కండక్టరు.

"కాళ్ళున్నదాన్ని లగేజీ అంటావేంటయ్యా," అన్నాడు బావ.

"అయితే మనిషి టికెట్టే కొడతా."

బావ న్యాయంగా ఆలోచించాడు. "సగం కొట్టు. తల లేదుగా."

బస్సంతా నవ్వింది. కండక్టరు సగమే కొట్టాడు. ముందు అక్క దిగింది, తర్వాత కుర్చీ, ఆ వెనక బావ. బావమరిది ఆకాశం వైపు చూశాడు.

సాయంత్రం ముగ్గురూ దిబ్బ ఎక్కడం మొదలుపెట్టారు. గాలి ఇసుక మీద సన్నటి మడతలు పెడుతోంది. ఒక ముళ్ళపొద దాటారో లేదో, బావ కుర్చీ వేసి కూర్చున్నాడు. ఒక కాలు ఇసుకలో దిగబడి పక్కకు ఒరిగిపోయాడు.

"ఈ ఎడారిని సరిగ్గా చదును చెయ్యలేదోయ్," అన్నాడు భార్యతో. "కుర్చీ ఎటో వాలుతోంది. నువ్వొకసారి కూర్చుని చెప్పు."

"మీ కుర్చీ గోలేంటండీ ఇక్కడ కూడా," అంటూనే అక్క కూర్చుంది. "బాగానే ఉంది."

"ఎడమ కాలు?"

"బాగుంది."

"వెనక కాలు? నిదానంగా చూడు. నిన్ననే కదా మేకు కొట్టాను."

కాళ్ళ విచారణ అయ్యాక నాలుగడుగులు వేశారు. బావ మళ్ళీ ఆగాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ ఎడమ కాలు, మళ్ళీ మేకు. సూర్యుడు మాత్రం ఎక్కడా ఆగడం లేదు. ఇన్నేళ్ళకు అక్క ఇక్కడిదాకా వస్తే, ఈ చెక్కముక్క పుణ్యమా అని పైకి చేరకుండానే చీకటి పడేలా ఉంది. బావమరిదికి తిక్క రేగింది.

"అక్కా, నీకేమన్నా అలసటగా ఉందా? లేదంటే ఈయన్ని ఇక్కడే కూర్చోబెట్టి మనం పోదాం పద."

"నాకేం అలసటరా," అని అక్క లేచి, పైట బిగించి, విసవిసా నడిచింది.

బావ మొహంలో రంగు మారింది. "మీ అక్కను ఆ మాట అడక్కూడదయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. "అడిగితే పరిగెడుతుంది."

కాస్త పైన అక్క ఆగిపోయి ఉంది. దృశ్యం చూస్తున్నట్టు అటు తిరిగి, చేత్తో తుంటి అదిమి పట్టుకుంది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి విరిగిన తుంటి. అది ఎప్పుడో నయమైపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంటే చెప్పింది అక్కే.

బావ ఎగశ్వాసతో చేరి కుర్చీ వేశాడు. "ఏమోయ్, ఆ మేకు మళ్ళీ కదిలినట్టుంది."

అక్క కూర్చుంది. ఈసారి బావమరిది కుర్చీని చూశాడు. అక్క పాదాలు ఇసుక మీద సమంగా ఆనాయి. మోకాళ్ళు ఎక్కడుండాలో అక్కడున్నాయి. వీపు సరిగ్గా పచ్చగుడ్డకు ఆనింది. బట్టల షాపువాడు కొలత తీసి కుట్టించినట్టు అమిరింది.

తర్వాతి మలుపులో అతనే ఆగి, "బావా, కుడి కాలు కూడా అనుమానంగానే ఉంది," అన్నాడు.

"నాకూ అలాగే ఉందోయ్," అన్నాడు బావ గంభీరంగా.

అలా కుర్చీకి ఉన్న రోగాలన్నీ పరీక్షిస్తూ దిబ్బ పైకి చేరారు. అప్పటికి సూర్యుడు సగమే మిగిలాడు. అక్క కుర్చీలో కూర్చుని ఆ సగాన్నీ పూర్తిగా చూసింది. బావ ఆమె పక్కన నిలబడ్డాడు.

"బాగుందా?" అని అడిగాడు.

"ఒరగడం లేదు," అంది అక్క.

మర్నాడు బస్సు దగ్గర అక్క ముందెక్కింది. బావమరిది కుర్చీని స్వయంగా బావ భుజానికి తగిలించాడు.

"బావా, నీ కొలతకు ఇంకొకటి చేయించనా? బంకు వెనకే వడ్రంగి ఉన్నాడు."

"నాకెందుకయ్యా? షాపులో నిలబడీ నిలబడీ కూర్చోవడం ఎప్పుడో మర్చిపోయాను," అన్నాడు బావ. ఒకసారి కిటికీ వైపు చూసి, ఇంకా మెల్లగా అన్నాడు. "ఆ కొలత మాట గట్టిగా అనకు. మీ అక్క వింటే ఇంటిదాకా నడిచే వస్తానంటుంది."