నాలుగో వంట

బుధవారం తెల్లవారి ఐదుంబావుకే సుకన్య కుక్కర్‌లో రాజ్మా ఉడికించింది. అది రాత్రి తొమ్మిది గంటల భోజనం కోసం.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. సుకన్యకు నలభై మూడేళ్లు. పంజాగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పదకొండేళ్లుగా రిపోర్టులు టైపు చేస్తోంది. ఇంటికి నాలుగు సందుల అవతల, ఇంకాస్త జీతం వచ్చే మెడికల్ కోడింగ్ పని నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. సాయంత్రం బ్యాచ్ ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, మూడు నెలలు. చేరాలని రెండేళ్లుగా అనుకుంటోంది. అడ్డమల్లా వంటే. మామ రాజనర్సయ్యకు జొన్నరొట్టె, ఆపైన పెరుగన్నం. భర్త రాఘవేందర్‌కు అన్నం, పప్పు. కూతురు పింకీకి ఇవేవీ కానిది ఇంకేదో. ఏడింటికి పొయ్యి ముట్టిస్తే తొమ్మిదింటికి కంచాలు.

రాఘవేందర్ వద్దనలేదు. "ఏ కోర్సన్న చేస్కో. తొమ్మిదింటికి కంచంల తిండి ఉండాలె, గంతే" అన్నాడు. పెద్ద మనసుతో అన్నాననే అనుకున్నాడు.

దారి చూపింది సెంటర్‌లో రక్తం తీసే చంద్రిక. ఆమెది భీమవరం.

"మెక్సికో వాళ్ల వంటండీ. ఒకటే ట్రే. పొద్దున్నే సర్దేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. సాయంత్రం ఓవెన్‌లో పెడితే నలభై నిమిషాలు. ఇంకేంటండీ కష్టం?"

"మా మామ తింటడంటవా?"

"అడుగున జొన్నరొట్టెలు పరిచేయండి. ఆయనది ఆయనకు ఉన్నట్టే."

సుకన్య అలాగే చేసింది. రొట్టె ముక్కల మీద రాజ్మా, దాని మీద గిన్నెడు అన్నం, ఆపైన జీలకర్ర పొడీ కారం వేసి మగ్గించిన క్యాప్సికం, టమాట, మొక్కజొన్న. అన్నింటినీ కప్పుతూ తురిమిన చీజ్. ముగ్గురి తిండీ ఒక ట్రేలో వరసలుగా చేరింది. సాయంత్రం డెమో క్లాసుకు వెళ్లింది. ఫారం ఇవ్వడానికి గురువారం ఆఖరు. ఇంట్లో ఈ ట్రే చెల్లితే చేరిపోవడమే.

ఎనిమిదింబావుకు క్లాసు బయటికొచ్చి ఫోన్ చేసింది.

"ఓవెన్ ఆన్ చేసినవా?"

"చేసిన మమ్మీ. ఎన్నిసార్లు అడుగుతవ్? పోయి క్లాస్ విను" అంది పింకీ.

తొమ్మిదింటికి ట్రే బల్ల మీదికి వచ్చింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన రాజనర్సయ్య మొదటి ముద్ద ఎత్తి ఆగాడు.

"గిదేంది, గుంజినకొద్దీ వస్తనే ఉన్నది?"

"చీజ్ తాతా. తెంపు."

తెంపి నోట్లో పెట్టుకున్నాడు. "మస్తున్నది బిడ్డా" అని మళ్లీ వేయించుకున్నాడు. రాఘవేందర్ మూలల్లో అంటుకున్నది కూడా గీకి తిన్నాడు. ఇరవై నిమిషాల్లో ట్రే ఖాళీ. సుకన్య బ్యాగులోంచి ఫారం తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. పెన్ను వెతుకుతోంది.

రాజనర్సయ్య చెయ్యి కడగలేదు. కంచం ముందు అలాగే కూర్చున్నాడు.

"ఇగ అన్నం పెట్టు బిడ్డా."

"గండ్లనే అన్నమున్నది మామా. రొట్టె సుత ఉన్నది."

"ఉంటే ఉండనీ. పెరుగు దేంట్ల కలుపుకోవాలె?"

రాఘవేందర్ నవ్వాడు. "గిది టిఫినే. నువ్వు భోజనమనుకున్నవా? ఏడింటికి పెడితే మంచిగుంటుండె."

"నాకైతే ఇదే చాలు డాడీ" అంది పింకీ.

"నీకు చాలుతది. తాత అన్నం తినకుంట గోలీలెట్ల వేసుకుంటడు?"

వంక పెట్టి ఉంటే సుకన్య వాదించేది. ఎవరూ వంక పెట్టలేదు. పైగా మెచ్చుకున్నారు. ఆమె లేచి బియ్యం కడిగింది. కుక్కర్ విజిల్ కోసం చూస్తుంటే, ముందు గదిలోంచి మామ గొంతు వినిపించింది.

"రేపు సుత చెయ్ బిడ్డా గది. దినాం ఏడింటికి ఇంత తింటే పానం మంచిగుంటది."

"చేస్తది నాయినా, ఫికర్ చెయ్యకు" అన్నాడు రాఘవేందర్.

గురువారం సెంటర్‌లో చంద్రిక అడిగింది. "ఏంటండీ, ఎలా కుదిరింది?"

"అందరికీ మస్తు నచ్చింది."

"చెప్పానా!"

ఫారం నింపకుండానే మళ్లీ బ్యాగులోకి చేరింది. సుకన్య తర్వాతి రిపోర్టు టైపు చేయడం మొదలుపెట్టింది.

సోమవారం ఆరున్నరకు బ్యాచ్ మొదలైంది. ఆ వేళకు ఆమె వంటింట్లో క్యాప్సికం తరుగుతోంది. రాత్రి వంట ఇప్పుడు నాలుగు రకాలు.