టీచరు గారి పక్కన నా వంతు

బుధవారం మధ్యాహ్నం లక్ష్మి ఫోన్ చేసి, “అక్కా, మన టీచరమ్మ పోయింది. నా చెయ్యి పట్టుకునే పోయింది,” అంది. దేవుడు నన్ను క్షమించాలి. ముందు ఏడుపు రాలేదు. ఆ చెయ్యి నాది ఎందుకు కాలేదని అనిపించింది.

గల్ఫ్‌లో మేముండే ఐన్ ఖాలిద్‌లో టీచరు గారు పదకొండేళ్ళు మా పక్కింటివారు. స్కూల్లో చరిత్ర చెప్పేవారు. తోటి అమెరికన్ మాస్టారొకాయన వెళ్ళిపోతూ తన పూర్వీకుడి కాగితాల నకళ్ళు ఆవిడకిచ్చారు. ఆ పూర్వీకుడు పందొమ్మిదో శతాబ్దపు వడ్రంగి, లాడ్జి అనే సోదర సంఘంలో సభ్యుడు. చేరినప్పటి పత్రం, ఉత్తరాలు, జబ్బుపడిన సభ్యుడి పక్కన ఎవరు ఏ రోజు కూర్చోవాలో రాసుకున్న జాబితా ఉండేవి. శుక్రవారం చర్చిలో ఆరాధన నుంచి వచ్చాక ఆవిడ వాటిని తెలుగులో చెప్పేవారు. పదో తరగతితో ఆగిన నన్ను కూర్చోబెట్టి అంత ఓపికగా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

“ప్రేమ ఉన్నవాళ్ళు ఎప్పుడో వస్తారమ్మా. వంతు ఉన్నవాళ్ళు ఆ రోజే వస్తారు,” అనేవారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆ శుక్రవారాలు నావే అనుకున్నాను. తర్వాత లక్ష్మి వచ్చింది. జగిత్యాల వైపు పిల్ల, ఆవిడింట్లో పనికి కుదిరింది. “అందరు మొగోళ్ళేనా టీచరమ్మా? మరి జావ ఎవరు కాసిండ్రు?” అని అడిగితే ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నేనెప్పుడూ ఆవిడని అంతగా నవ్వించలేదు.

జబ్బు ముదిరాక, ఆవిడ కొడుకు డ్యూటీకి వెళ్ళిన వేళల్లో తోడుకి మా ఇద్దరికీ రోజులు పంచింది ఆవిడే. ఆ బుధవారం లక్ష్మిది. అయినా పొద్దున్నే చారు పట్టుకుని వెళ్ళి, “నువ్వెళ్ళి పడుకో లక్ష్మీ, నేనుంటాను,” అన్నాను మెల్లగా. పాపం, దయ అనుకుని లేచింది.

టీచరు గారు కళ్ళు తెరిచారు. “ఇవాళ ఎవరిది?”

“లక్ష్మిదండీ.”

“మరి నువ్వెందుకొచ్చావమ్మా?”

చారు గిన్నె బల్ల మీద పెట్టాను.

“కూర్చో లక్ష్మీ,” అని, నావైపు తిరిగి, “రేపు నీది. ఎదురుచూస్తాను,” అన్నారు.

గురువారం వెళ్ళాను. వాళ్ళబ్బాయి తలుపు తీశాడు. మంచం మీద దుప్పటి తీసేశారు. లక్ష్మి కుర్చీ మంచానికి ఆనించి ఉంది. నేనెప్పుడూ మర్యాదకి రెండడుగుల దూరంలో వేసుకునేదాన్ని. వెనక్కి జరపబోయి మానుకుని, అలాగే కూర్చున్నాను. మోకాళ్ళు పరుపుకి తగిలాయి. ఆవిడ పడుకున్నచోట పరుపు ఇంకా కొద్దిగా లోతుగానే ఉంది.