కోతపండుగకు ఒంటిరెక్క చిలక

అరవైల మొదట్లో పెళ్లయి కోట దగ్గరున్న అత్తగారి ఊరికి వచ్చినప్పుడు, నా వెంట ఒక రేకు పెట్టె వచ్చింది. నిండా సగం పనులే. వైరుబుట్ట అడుగు దాకే అల్లాను. పూసల తెర జానెడు కూడా దిగలేదు. దిండు గలీబు మీద చిలకకు ఒక రెక్కే కుట్టాను. కొత్త రంగు దారం కంటబడితే చాలు, చేతిలో ఉన్నది పక్కన పడేసి ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. ఆరంభశూరత్వం అంటే నాదే.

వాటన్నిటి అడుగున మా అమ్మ చీరలు. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. ఏడాది తిరిగేసరికి కడుపుతో ఉన్న నాకు ఏడో నెల వచ్చింది. ఆ చీరలతో పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలని ఎంత ఆశో! రోజూ పెట్టె తెరిచేదాన్ని. పైనున్నవి చూసి ముందు ఏది ముట్టుకోవాలో తోచక, విసుగొచ్చి మూసేసేదాన్ని.

ఇంతలో మా చర్చిలో కోతపండుగ వచ్చింది. చేలున్నవాళ్లు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. మాకు చేను లేదు. చేతిపనైనా ఇద్దామంటే పూర్తయింది ఒక్కటీ లేదు.

“ఆ పెట్టెలోవి ఇచ్చెయ్యరాదా?” అంది మా అత్త.

“సగం కుట్టింది దేవుడికిస్తారా అత్తా?”

“నీ కాడుంటే అది ఎప్పటికీ సగమేమే. ఇంకొకరి చేతిలో పడితేనన్నా ముగుస్తాది.”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాటలో అబద్ధం ఏముంది? అమ్మ చీరలు పక్కన పెట్టి, మిగతావన్నీ నేనే మూటగట్టాను.

వేలంలో సంఘపెద్ద చిలకను పైకెత్తగానే అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. దాన్ని పాడుకున్న పక్కింటామె మాత్రం, “ఒక రెక్క చాల్లే, పడుకునే దిండు ఎగరాల్నా ఏంది?” అంది. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చేసరికి ప్రాణం హాయిగా ఉంది.

మర్నాడే చీరలు పరిచి కూర్చున్నాను. మనసు ఇంకో దాని మీదికి పోదామన్నా పెట్టెలో ఏమీ లేదు. నొప్పులు రాకముందే ఆఖరి కుట్టు పడింది. తల్లిలేని నాకు పురుడు పోసిందీ అత్తే, ఆ బొంత పూర్తిచేయించిందీ అత్తే. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

బిడ్డను చూడటానికి నాన్న వచ్చాడు. బొంత తడుముతూ, నేరేడుపండు రంగు ముక్క దగ్గర ఆగిపోయాడు. మా అత్తతో అన్నాడు: “బిడ్డ వాళ్లమ్మమ్మ ఒళ్లోనే పడుకొనుండాది, వదినా.”