అత్తగారి పిడికిలి

“బియ్యం పుట్టింటికి చేరేస్తున్నావు. నా పిడికిలి నాకు తెలీదా?”

“తీసేది మీరు కదండీ అత్తయ్యగారూ. నేను కడిగి ఎసట్లో పోసేదాన్నే.”

మొదటి మాట మా అత్తగారిది, రెండోది నాది. నిన్న మనవరాలు బియ్యం తీస్తూ నాలుగు గింజలు నేలమీద జార్చింది. ఏరి బుట్టలో వేసేదాకా దాన్ని లేవనివ్వలేదు. అది ఏరుతుంటే, కాపురానికి వచ్చిన కొత్తలో జరిగిన ఈ తగువు గుర్తుకొచ్చింది. ఆ ఇంట్లో సోలా తవ్వా బియ్యం బుట్ట దగ్గరకు రాలేదు. అత్తగారి కుడి పిడికిలే కొలత, మనిషికి నాలుగు. అన్నం చాలకపోవడం, మిగిలిపోవడం అక్కడ ఎవరూ ఎరగరు.

అలాంటిది ఒకనాడు తెల్లవారి లేచేసరికి ఆవిడ చేతిలో చెంబు నిలవలేదు. నడక బాగుంది, మాట బాగుంది, మూతి వంకర పోలేదు. పక్షవాతమని ఎవరికీ తోచలేదు. చెయ్యి కింద వేసుకుని పడుకున్నానన్నారు. పదిరోజులు ఆముదం రాసి తోమాం, ఆముదం దండగ. చివరకు మామగారు పడవమీద రాజమండ్రి తీసుకెళ్లి దొరసాని డాక్టరుకు చూపించారు. చెయ్యి బాగానే ఉందని, దాన్ని ఆడించే చోట మెదడులో నెత్తురు ఆగిందని ఆవిడ చెప్పిందట. మామగారు మాటలు పొదుపుగా వాడే మనిషి. తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, ఇరుగుపొరుగు వింటుండగా, “చేతిలో ఏం లేదంట. లోపమంతా తలలో ఉందంట” అన్నారు.

తనకు పిచ్చి అన్నారని అత్తగారు ఆయనతో మాట మానేశారు. తల బాగుందని చూపించడానికి బియ్యం బుట్ట ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఎడమచేత్తో తీయడం ఆ ఇంట పనికిరాదు. ఒకచోట కూర్చోలేక గడపకీ పెరటికీ తిరుగుతూ, ఆ చేతిని ముడుస్తూ విప్పుతూ ఉండేవారు. పిడికిలి ముడుచుకునేది గాని బిగిసేది కాదు. జారిన బియ్యం బుట్టలోనే పడేవి. అన్నం చాలేది కాదు. ఆఖర్న తినేదాన్ని గనుక నెలరోజులు గంజితో సరిపెట్టుకున్నాను. ఆకలీ నాదే, దొంగతనమూ నాదే.

తగువు నాడు నాకు ఓర్పు పోయింది. మళ్లీ తియ్యమని, ఆవిడ పిడికిలి కింద దోసిలి పట్టాను. చెయ్యి బుట్ట దాటి చాట దాకా వచ్చేసరికి సగం బియ్యం నా దోసిట్లో ఉన్నాయి. ఇద్దరం చూశాం. ఆ దోసిలి ఎక్కడ దించాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న బుట్ట దగ్గర కూర్చుని నన్ను పిలిచారు. పిడికిలి పట్టమన్నారు. పట్టాను. ఎడమచేత్తో నా వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశారు.

“నీది చిన్నది. మనిషికి అయిదు వెయ్యి” అని లేచి పెరట్లోకి వెళ్లారు.