విరిచిన పసుపు కొమ్ము

ఆర్మూర్‌లో నేను గుమస్తాగా పనిచేసిన పసుపు దుకాణానికి ఈ రోజు ఊరికే వెళ్లాను. మార్కెట్ కమిటీలో సర్కారు ఉద్యోగం వచ్చాక అక్కడ అడుగుపెట్టడం ఇదే మొదలు. సేటుతో చాయ్ తాగుదామని పాత చనువుతో బస్తా మీద కూర్చున్నాను. చెయ్యి ఊరుకోక ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచాను. సరుకు ఎండిందో లేదో అలా చూడటం అప్పట్లో నా పని.

అది చూడగానే సరుకు తెచ్చిన ఆలూర్ రైతు చేతులు జోడించాడు.

"మంచిగ ఎండవెట్టినం సార్, జరంత గూడ తడి లేదు."

ఒకప్పుడు "అరేయ్ నరేషూ" అని పిలిచే సేటు నాకు కుర్చీ తెప్పించాడు.

"తనిఖీ గినిఖీ ఏం లేదు సేటూ, నిన్ను సూద్దామనే వచ్చిన" అన్నాను. తలూపాడు గానీ నమ్మలేదు.

చాయ్ తాగి బయటికొస్తే నా బండికి పసుపు సంచి వేలాడుతోంది. లోపలికి తీసుకెళ్లి తిరిగి ఇచ్చేశాను. సేటు ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు.

"తక్కువైందా సార్?"

సర్కారు కొలువు దొరికినప్పుడు అదృష్టవంతుడివన్నారు అందరూ. మీలో ఇలా మారినవాళ్లుంటే చెప్పండి, పాత చోట మిమ్మల్ని ఇంకా ఎవరైనా పేరు పెట్టి పిలుస్తున్నారా?